విత్ రిగార్డ్ మేడమ్

బహదూర్‌పురాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. దాని మూడో అంతస్తులో ఐసీయూ తలుపు ముందర పొడవాటి హాలు ఉంది. రోగుల బంధువులు అక్కడే కూర్చుంటారు, అక్కడే తింటారు, అక్కడే చాపలు పరుచుకొని నడుం వాలుస్తారు. గోడకున్న ప్లగ్గుల దగ్గర ఎప్పుడూ గుంపే. ఎవరి ఫోను ఏదో తెలియనన్ని తీగలు ఒకే బోర్డుకు వేలాడుతుంటాయి. ఒకరి డబ్బాలోని ఖిచిడీ ఇంకొకరి పళ్లెంలోకి పోతుంది. మీది ఏ బస్తీ, మీ మనిషికి ఏమైంది అని ఒకరినొకరు అడుగుతూ గంటలో చుట్టాలైపోతారు. కొత్తగా చూసేవాళ్లకు అదొక చిన్న సంతలాగా ఉంటుంది. కాని ఐసీయూ తలుపు కదిలితే చాలు, ఆ సంత అంతా ఒక్కసారిగా మూగబోతుంది. నమిలే నోళ్లు ఆగిపోతాయి.

ఆ తలుపులోంచి నల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి వస్తుంది. పేరు కీర్తిప్రియ.

ఆమె డాక్టరు కాదు, నర్సూ కాదు. లోపలి సంగతి బయటి వాళ్లకు చెప్పడం ఆమె ఉద్యోగం. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలమ్మే ఎల్లేష్ కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి ఆమే. తండ్రి గిరాకీలకు వంకాయలు తూకం వేస్తూనే, "మా బిడ్డ దవాఖానల అంత ఇంగ్లీషే మాట్లాడ్తది" అని చెప్పుకునేవాడు. ఆ మాట నిలబెట్టాలని ఆమె అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మేనేజరు ప్రేమ్‌రాజ్ ఆమెకు ఒక పద్ధతి నేర్పాడు. ఏ విషయాన్నీ నేరుగా చెప్పకూడదు. ముందు ఒక ఇంగ్లీషు ఎత్తుగడ ఉండాలి. "విత్ రిగార్డ్ టు" అనో, "ఇన్ కనెక్షన్ విత్" అనో, "యాజ్ ఫార్ యాజ్ యువర్ పేషెంట్ ఈజ్ కన్సర్న్‌డ్" అనో మొదలుపెట్టాలి. తరువాత రోగి పూర్తి పేరు, ఆసుపత్రిలో చేరిన తేదీ, చూస్తున్న డాక్టరు పేరు చెప్పాలి. అసలు సంగతి ఆ తరువాతే.

"నేరుగ చెప్తే మీద పడ్తరమ్మా" అన్నాడు ప్రేమ్‌రాజ్. "ఇంగ్లీషుల మొదలుపెట్టు. ఎదుటోడు ఒక్క అడుగు ఎనక్కు పోతడు. గా అడుగే మనకు రక్షణ."

ఆయన చెడ్డవాడు కాదు. ఒకసారి ఏడుపులో ఉన్న మనుషులు తలుపు అద్దం పగలగొట్టినప్పుడు, ఆ గాజు పెంకులు గుచ్చుకున్నది ఆయన చేతికే.

కొన్నాళ్లకు కీర్తిప్రియ మొదటిసారి ఒక చావు కబురు చెప్పాల్సి వచ్చింది. పోయినాయన పేరు బాబురావు. ఆయన భార్య ఎదురుగా నిలబడి చూస్తోంది. ఏం చెప్పాలో కీర్తిప్రియకు తోచలేదు. అప్పుడు నేర్చుకున్న ఆ మాట తనంతట తానే నోట్లోంచి వచ్చింది. "విత్ రిగార్డ్ టు యువర్ పేషెంట్..." ఈత రానివాడికి నీళ్లలో దుంగ దొరికినట్టయింది. ఆ దుంగను పట్టుకొనే ఆమె మిగతా మాటలన్నీ దాటింది. ఆ రోజు ఇంటికి పోయి ఆ మాటకు మనసులో దండం పెట్టుకుంది. నీళ్లలో మునుగుతున్నది తాను కాదు, ఎదురుగా నిలబడ్డ ఆవిడ అన్న సంగతి ఆమెకు తట్టలేదు.

నిజానికి ఆమె మంచి కబురుకూ ఆ మాటే అనేది, చెడ్డ కబురుకూ ఆ మాటే అనేది. రక్తం తెమ్మన్నా, వార్డుకు మారుస్తున్నామన్నా అదే. కాని భయం అన్నిటినీ గుర్తుపెట్టుకోదు. హాల్లో వాళ్లకు బాబురావు కబురు గుర్తుంది. ఆ తరువాత పోయిన పసిపాప కబురు గుర్తుంది. వాళ్లెవరికీ ఆ మాటకు అర్థం తెలియదు. ఆ మాట తరువాత ఏడుపు వస్తుందని మాత్రం తెలుసు. ఆమెకు పేరు కూడా పెట్టేశారు, విత్ రిగార్డ్ మేడమ్ అని.

"వస్తుందన్నా, విత్ రిగార్డ్ మేడమ్ వస్తుంది. దువా చదువుకోండి" అనేవాడు తౌఫీఖ్. అతని తండ్రి షఫీఉద్దీన్ లోపల గుండెజబ్బుతో ఉన్నాడు. తౌఫీఖ్ నవ్వుతూనే అనేవాడు. కాని ఆమె తమ చాపను దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉండేవాడు.

"నోర్ముయ్‌రా" అని కసిరేది తల్లి ఖైసర్ బేగం. కసిరి, తస్బీ పూసలు ఇంకొంచెం తొందరగా తిప్పేది.

వాళ్ల చాప పక్కనే వైకుంఠం చాప. ఆయనకు అఫ్జల్‌గంజ్‌లో తాళ్లు, వానకు కప్పే తాటిపత్రీల దుకాణం ఉంది. భార్య విమలాదేవి ఊపిరితిత్తుల జబ్బుతో, గొంతులో గొట్టంతో లోపల పడుకొని ఉంది. వాళ్లకు పిల్లలు లేరు. ఆయనకు ఆమె, ఆమెకు ఆయన, అంతే.

"అక్కా, గా పోరి నా దిక్కు తిరిగి గా మాట అన్నదనుకో" అన్నాడు ఒకనాడు వైకుంఠం, ఖైసర్ బేగంతో. "నేను మొత్తం ఇనను. ఇనకుంట ఉంటే గది నిజం కాదు కావచ్చు."

"పాగల్ మాటలు మాట్లాడకు భాయ్. ఇనకుంటే మౌత్ ఆగుతదా?"

"చావు ఆగది. కాని నాకు చాతకాదక్కా."

అదే పూట ఖైసర్ బేగం, నీళ్ల సీసా నింపుకోవడానికి వచ్చిన కీర్తిప్రియ చెయ్యి పట్టుకుంది. "బేటీ, నా వంతు వస్తే గా మాట తోటి రాకు. నీకు పుణ్యముంటది" అంది. కీర్తిప్రియ నవ్వి ఊరుకుంది. పెద్దావిడ ఊరికే అంటోందనుకుంది.

ఆ మరునాడు మధ్యాహ్నం విమలాదేవి గొంతులోని గొట్టం తీశారు. ఆమె కళ్లు తెరిచింది. తన ఊపిరి తానే తీసుకుంటోంది. డాక్టర్ లుబ్నా ముఖం వికసించింది.

"కీర్తీ, ఆమె ఆయన కోసం చూస్తోంది. వెంటనే పిలుచుకురా. ఒక్కసారి కనబడితే ధైర్యం వస్తుంది."

కీర్తిప్రియ కాళ్లు పరుగు పెట్టబోయాయి. తలుపు దాకా పరుగే పెట్టింది కూడా. కాని తలుపు అవతల ప్రేమ్‌రాజ్ నిలబడి ఉన్నాడు. ఎవరు పద్ధతి ప్రకారం మాట్లాడుతున్నారో ఆ వారం ఆయన స్వయంగా చూసి మార్కులు వేస్తున్నాడు. ఆమె ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఆమె కోటు సవరించుకుంది. ముఖం మీది నవ్వు తుడిచేసుకుంది. నెమ్మదిగా నడిచి వైకుంఠం ముందు నిలబడింది.

ఆయన ఖైసర్ బేగం కోసం బత్తాయి ఒలుస్తున్నాడు.

"విత్ రిగార్డ్ టు యువర్ పేషెంట్, శ్రీమతి విమలాదేవి గారు..."

బత్తాయి చేతిలోంచి జారిపోయింది. ఆయన లేచాడు. పెదవులు తెల్లబడ్డాయి. "వద్దు" అన్నాడు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "వద్దు బిడ్డా, వద్దు" అంటూ వెనక్కు వెనక్కు నడిచి, గోడ తగలగానే తిరిగి, మెట్ల వైపు పోయాడు.

పాఠకులారా, ఇక్కడే చదువుకున్నవాళ్లం మనం తల దించుకోవాలి. ఆ అమ్మాయి ఆగలేదు. మేనేజరు చూస్తున్నాడని, దిగిపోతున్న ఆయన వీపుకు, ఆసుపత్రిలో చేరిన తేదీ చెప్పింది. చూస్తున్న డాక్టరు పేరు చెప్పింది. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి మెట్ల మీద ఎవరూ లేరు.

"ముఖం కడుక్కొని వస్తడులే" అన్నాడు ప్రేమ్‌రాజ్. "నువ్వైతే పద్ధతిగనే చెప్పినవు."

ఆయన రాలేదు. మెట్ల కింద లేడు. నీళ్ల దగ్గర లేడు. గేటు దగ్గర అడిగితే, తెల్లచొక్కా పెద్దమనిషి ఆటో ఎక్కి పోయాడన్నారు. ఆమె ఫోను చేసింది. హాల్లో, ప్లగ్గుల బోర్డు దగ్గర, ఆయన ఫోను మోగింది. అందరూ ఆ మోగే ఫోను వైపే చూస్తూ ఉండిపోయారు.

లోపల విమలాదేవి కళ్లు తలుపు మీద నుంచి కదలడం లేదు. గొట్టం ఒరుసుకుపోయిన గొంతుతో గాలిలాగా అడిగింది.

"ఆయనేడి?"

"వస్తున్నరమ్మా" అంది నర్సు.

"పిలిస్తె రాడా? ఆయనకేమన్న అయ్యిందా? నాకు చెప్తలేరా?" ఆమె లేవబోయింది. చేతికున్న సూదులు గుంజుకుంది. మంచం పక్కనున్న తెరమీద అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి.

డాక్టర్ లుబ్నా కీర్తిప్రియను పక్కకు తీసుకుపోయింది. "ఇంత ఆందోళన పడితే ఊపిరి నిలవదు. గొట్టం మళ్లీ వెయ్యాల్సి వస్తుంది. మళ్లీ వేస్తే ఈసారి తియ్యగలమో లేదో నేను చెప్పలేను. ఆయనకు ఏమని చెప్పావు?"

"ఇంకా చెప్పలేదు మేడమ్. మొదలుపెట్టిన."

"ఎట్లా మొదలుపెట్టావు?"

"విత్ రిగార్డ్ టు..." అంది కీర్తిప్రియ. డాక్టరుకు అర్థమైంది. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేదని కీర్తిప్రియకు అనిపించింది.

హాల్లోకి వచ్చేసరికి ఖైసర్ బేగం ఎదురొచ్చింది. కళ్లనిండా నీళ్లు. "విమలమ్మ పోయిందా బేటీ?"

"లేదు ఖాలా! బతికింది! కండ్లు తెరిచింది. ఆయన్నే అడుగుతుంది."

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఎవరో "యా అల్లా" అన్నారు. ఖైసర్ బేగం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మరి గది ముందుగాల్ల చెప్పనీకి ఏమైంది నీకు?"

కీర్తిప్రియ ఏడవబోతే పెద్దావిడ ఆమె భుజం పట్టి కుదిపింది.

"ఏడ్వనీకి టైం లేదు. ఆయనకు ఇల్లైనా దుకాణమే, గుడైనా దుకాణమే. ఆడికే పోతడు. తౌఫీఖ్, బండి తియ్యి!"

"పా చెల్లె, ఎక్కు" అన్నాడు తౌఫీఖ్.

వాన మొదలైంది. పురానాపూల్ వంతెన మీద బండ్లు కదలడం లేదు. కింద మూసీ మట్టిరంగుతో పొంగి పోతోంది. గోడ పట్టుకొని నీళ్లను చూస్తున్న మనుషుల్లో తెల్లచొక్కా కనబడినప్పుడల్లా కీర్తిప్రియ బండి మీద నుంచి లేచి చూస్తోంది. "అన్నా, ఆపు, ఆపు" అని ఒకచోట దూకి పరుగెత్తింది. అటు తిరిగి నిలబడ్డ పెద్దమనిషి భుజం పట్టుకుంది. ఆయన తిరిగి చూశాడు. వేరే ముఖం. "ఏంది బిడ్డా?" అన్నాడు. ఏమీ లేదని తలూపి మళ్లీ బండెక్కింది. ప్రేమ్‌రాజ్ ఫోను చేశాడు.

"డ్యూటీల ఉండి ఏడికి పోయినవ్?"

"తప్పు చేసిన సార్. దిద్దుకొని వస్త" అని పెట్టేసింది. ఆ మాట ముందు ఏ ఎత్తుగడా లేదని ఆమెకు ఆ క్షణంలో తెలియదు.

అఫ్జల్‌గంజ్‌లో తాళ్ల దుకాణాల గల్లీకి ఒక ఆచారం ఉంది. ఒక సేటు ఇంట్లో చావైతే గల్లీ మొత్తం కాసేపు షట్టర్లు సగానికి దించుతారు. తౌఫీఖ్ బండి మలుపు తిరిగేసరికి, బేరాలు జోరుగా సాగే వేళ, ఒకదాని వెంట ఒకటి షట్టర్లు దిగుతున్నాయి. ఇనుము గరగరమన్న ప్రతిసారీ కీర్తిప్రియ గుండె మీద ఎవరో అడుగు వేసినట్టయింది. బతికున్న మనిషికి ఆ గల్లీ చావు చేస్తోంది. చేయిస్తున్నది తన నోటిమాట.

దుకాణం గడప మీద పాత పనిమనిషి ఎల్లప్ప కూలబడి ఉన్నాడు. "సేటమ్మ పోయింది తల్లీ. నాకు బువ్వ పెట్టిన చెయ్యి" అని ఏడుస్తున్నాడు. ఎవరో ఫోనులో చుట్టాలకు చెబుతున్నారు. ఇంకెవరో వెదురు కోసం మనిషిని పంపుతున్నారు.

లోపల చీకట్లో వైకుంఠం కింద కూర్చొని తాడు కోస్తున్నాడు.

ఆ గల్లీలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. పాడెకు తాడు కావాలని వచ్చినవాళ్ల దగ్గర ఆయన ఏనాడూ పైసా తీసుకోలేదు. తన చేత్తో కోసి ఇచ్చేవాడు. ఇప్పుడు అదే కొబ్బరితాడును, అదే కత్తితో, తన ఇంటికోసం కోస్తున్నాడు. కత్తి పక్కకు పోతోంది. మళ్లీ సరిచేసుకొని కోస్తున్నాడు. ముఖమంతా చెమట.

నల్లకోటు కనబడగానే ఆయన కత్తి వదిలేసి చెవులు మూసుకున్నాడు.

"ఈడికి కూడ వచ్చినవా? నాకు తెలుసు బిడ్డా. తెలుసు. గా మాట ఇంకోసారి అనకు. నీ కాళ్లు మొక్కుత."

కీర్తిప్రియ నోరు తెరిచింది. ఏం చెప్పాలన్నా ముందు ఆ మాటే రావడం ఆమె నాలుకకు అలవాటు. "వి..." అని రానే వచ్చింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ మూసుకున్న కళ్లను చూసి ఆమె పెదవి కొరుక్కుంది. తడి నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన రెండు చేతులూ చెవుల మీది నుంచి తీసి పట్టుకుంది.

"అవ్వ బతికుంది బాపూ."

ఆయన కళ్లు తెరిచాడు.

"కండ్లు తెరిచింది. గొట్టం తీసేసిన్రు. ఆయనేడి అని నిన్నే అడుగుతుంది."

"మల్ల చెప్పు."

"బతికుంది బాపూ. నిన్ను పిలుస్తుంది."

"ఇంకోసారి."

ఆమె చెప్పింది. గడప దగ్గర ఎల్లప్ప ఏడుపు ఆపేశాడు. ఆపి, ఒక్కసారిగా లేచి అరిచాడు. "మరి గట్ల చెప్పరాదమ్మా? ఏం సదువు సదివినవ్? మా సేటు పానం కూడ పోతుండె గదా!"

"తరువాత తిట్టు ఎల్లప్పా" అన్నాడు తౌఫీఖ్. "సేట్, ఎక్కు. ఆడ విమలమ్మ ఆగమైతుంది."

వైకుంఠాన్ని తౌఫీఖ్ బండి మీద పంపించి, కీర్తిప్రియ ఆటోలో వెనకాల వచ్చింది. దారిపొడవునా ఒకటే భయం. ఈలోపల గొట్టం మళ్లీ వేసేశారేమో, ఆయన తన భార్యను ఇంకోసారి పోగొట్టుకునేట్టు చేశానేమో అని. వెనకాల గల్లీలో షట్టర్లు మళ్లీ పైకి లేస్తున్న చప్పుడు చాలాదూరం ఆమె చెవుల్లోనే ఉంది.

ఆమె ఐసీయూలోకి వచ్చేసరికి తెరమీది అంకెలు దిగుతున్నాయి. వైకుంఠం మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏడికి పోయినవ్?" అని విమలాదేవి గాలిగొంతుతో అడుగుతోంది.

"దుకాణానికి."

"ఇప్పుడా? నీ గిరాకీ పాడుగాను" అని ఆమె ఆయన వేలు పట్టుకుంది.

ఆయన రెండో చెయ్యి వీపు వెనకాల ఉంది. కోసిన తాడు ముక్క ఆ పిడికిట్లోనే ఉండిపోయింది. కీర్తిప్రియ చప్పుడు చెయ్యకుండా వెనక నుంచి ఆ ముక్కను తీసుకొని తన కోటు జేబులో పెట్టుకుంది.

మరునాడు పొద్దున ప్రేమ్‌రాజ్ ఆమెను పిలిచి, చెప్పకుండా పోయినందుకు సంజాయిషీ అడిగాడు. ఆమె జేబులోని తాడు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. అది ఏ తాడో, ఎవరి కోసం కోసిందో చెప్పింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని చూశాడు.

"గా అడుగు మనకు రక్షణ అన్నరు సార్" అంది ఆమె. "ఆయన ఒక్క అడుగు కాదు, అఫ్జల్‌గంజ్ దాక ఎనక్కు పోయిండు."

ఆయన జవాబు చెప్పేలోపు లోపలి నుంచి కబురు వచ్చింది. షఫీఉద్దీన్ గుండె ఆగిపోయింది. డాక్టర్ లుబ్నా చెయ్యగలిగిందంతా చేసింది.

"నేను చెబుతాను, నువ్వుండు" అంది డాక్టరు.

"లేదు మేడమ్. నేను చెప్పాలె. మీరు నా పక్కనుండుండ్రి."

తలుపు తెరుచుకుంది. హాలు మూగబోయింది. ఖైసర్ బేగం తస్బీ ఆగిపోయింది. దుంగ కోసం కీర్తిప్రియ నాలుక వెతుకులాడింది. ఆ మాట గొంతు దాకా వచ్చి నిలబడింది. దాన్ని మింగేసింది. పోయి ఆ చాప మీద కూర్చుంది. పెద్దావిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఖాలా, చాచా పోయిండు. ఇప్పుడే. డాక్టరమ్మ ఆయన పక్కనే ఉండె. చాచా బాధ పడలేదు."

తౌఫీఖ్ గోడకు ముఖం పెట్టుకున్నాడు. ఖైసర్ బేగం పెదవులు కదిలాయి. ఏదో చదువుకుంది. ఆ తరువాత ఏడ్చింది. అవతలి చాప నుంచి వైకుంఠం లేచి వచ్చి తౌఫీఖ్ పక్కన నిలబడ్డాడు. ఎవరూ కీర్తిప్రియ మీద పడలేదు. ఎవరూ అద్దాలు పగలగొట్టలేదు. తలుపు దగ్గర ప్రేమ్‌రాజ్ మార్కుల సంగతే మరచిపోయి నిలబడి ఉన్నాడు.

కీర్తిప్రియ లేవబోతే పెద్దావిడ చెయ్యి వదల్లేదు.

"ఇన్ని రోజులు భయమై సచ్చిన బేటీ. ఇప్పుడు భయం లేదు. ఏడుపే ఉన్నది. నువ్వు నేనడిగిన మాట నిలబెట్టినవు."

చదువుకున్న సోదరులారా, సోదరీమణులారా! మన తల్లిదండ్రులు తూకాలు వేసి, మూటలు మోసి మనకు ఇంగ్లీషు చెప్పించింది, ఆ ఇంగ్లీషు వెనకాల దాక్కోవడానికి కాదు. అది ఆఫీసులో కావాలి, పరీక్షలో కావాలి. అక్కడ దాన్ని బాగా వాడుకుందాం. కాని ఒక మనిషి తనవాళ్ల ప్రాణం కోసం ఎదురుచూస్తూ మన నోటి వైపు చూస్తున్నప్పుడు మాత్రం ఎత్తుగడలు వద్దు. దుఃఖాన్ని ఆపే మాట ఏ భాషలోనూ లేదు, భయాన్ని ఆపే మాట మాత్రం ఒకటుంది. అసలు సంగతిని అవతలివాళ్లకు తెలిసిన భాషలో, అన్నిటికన్నా ముందు చెప్పడమే ఆ మాట.